మోకాలెత్తు నీళ్లలో సముద్రపు ఆవు

మొన్న వనపర్తిలో చేపల ఎగ్జిబిషన్ వేశారంటే మనవరాలు పట్టుబట్టి తీసుకుపోయింది. నెత్తిమీద నీళ్లు, పక్కన నీళ్లు, ఆ అద్దాల సొరంగంలో జనం ఫోన్లు పైకెత్తి ఒకర్నొకరు తోసుకుంటుంటే నాకు ఊపిరాడక బయటికొచ్చి ఐస్‌క్రీం బండి పక్కన కూలబడ్డాను. వయసు మీద పడిందని మనవరాలు జాలిపడింది. వయసు కాదు, నాకు మానటీ అనే నీటి జంతువు గుర్తొచ్చింది.

నా ఈడువాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో మన పాలమూరులో మట్టిపనికి వలసపోని ఊరు లేదు. మేమూ అలాగే పోయి దూరపు నగరంలో ఒక జూలో మడుగు తవ్వాం. మా ఆయన అక్కడే కొలువు సంపాదిస్తే నేను గడ్డి కోసే పనిలో కుదిరాను. మేం తవ్విన మడుగులోకే ఎక్కడో విదేశం నుంచి ఆ మానటీని తెచ్చి, సముద్రపు ఆవు అని బోర్డు పెట్టారు. పేరుకు ఆవే గానీ కొమ్ముల్లేవు, కాళ్లూ లేవు, బూడిదరంగు ఒళ్లు. నీళ్లలోంచి మూతి పైకెత్తి నా చేతిలోని గడ్డిని పెదాలతో అందుకుంటే, చంటిపిల్ల వేలు పట్టుకున్నట్టుండేది. దాన్ని నేను ప్రేమించాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

జనానికి మాత్రం అది నచ్చలేదు. పాచిపట్టిన నీళ్ల అడుగున పడుకుని, ఊపిరికి ఒక్కసారి ముక్కు బయటపెట్టి మళ్లీ మునిగేది. టికెట్టు కొన్నాం, కనబడదేం అని తిట్టి రాళ్లు వేసేవాళ్లు.

అక్కడ మా అందరికీ మేస్త్రి మా బావ, అంటే మా ఆయన అన్న. అంతకుముందు పెబ్బేరు సంతలో పశువుల బేరాలు చేసి ముదిరినవాడు, పడుకున్న ఎద్దును తోక మెలిపెట్టి లేపడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఎవరో పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారని, నడివేసవిలో తూము తెరిపించి మడుగులో నీళ్లు మోకాలెత్తుకు దించేశాడు. తన బరువు తన రొమ్ముమీదే పడి అది బుసబుసా మూలగసాగింది.

"నీళ్లు నింపు బావా, దానికి ఊపిరాడ్తలేదు" అని బతిమాలాను.

"ఏమైతదమ్మా? మన బర్లు మోకాలెత్తు బురదల దినమంత పండ్తలేవా? నువ్ పోయి గడ్డి కొయ్యి."

"బర్రెకు కాళ్లున్నయి, లేస్తది. ఇదెట్ల లేస్తది బావా?"

ఆయన నవ్వి కర్రతో దాని పొట్టలో పొడిచాడు. అది కీచుమంది. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు కూడా జనం వస్తారని నీళ్లు నింపనివ్వలేదు. తెల్లారి నేను గడ్డిమోపుతో పోయేసరికి దాని మూతిమీద ఈగలు ముసిరాయి.

బావ దిగులుపడలేదు. దూడ చస్తే తోలులో గడ్డి కూరి, బర్రె ముందు నిలబెట్టి పాలు పిండుకోవడం మన దగ్గర మామూలే కదా, ఆ పద్ధతే దీనికీ చేయించాడు. నేను కోసుకొచ్చిన గడ్డే ఎండిపోయి ఉంటే దాని కడుపులో కూరి గట్టుమీద పెట్టారు. జనం ఎగబడి పిల్లల్ని దాని వీపుమీద కూర్చోబెట్టారు. బావకు మెప్పు దొరికింది. ఆయన పోయాక కూడా నేను ఆయన్ని క్షమించలేదు.

ఇప్పుడు జంతువు మీద కర్ర ఎత్తితే ఎవరో ఒకరు ఫోనులో పట్టి పదిమందికీ చూపిస్తారు, కేసులు పెడతారు, నాకు సంతోషమే. కానీ ఆ రోజు గట్టు చుట్టూ ఉన్నది బావ ఒక్కడే కాదు. అందరూ నా ఈడువాళ్లే, మా కాలంలో మనుషులు మంచివాళ్లని ఇవాళ మనవలకు చెప్పుకునేవాళ్లే. అది ఊపిరి కోసం నోరు తెరిచినప్పుడల్లా, పాడుతోంది చూడు అంటూ పిల్లల్ని భుజాలమీదికెత్తి చూపించారు.