ఓటమి లేని జట్టు వెనకాల హ్యూస్టన్ దాకా

ఈ ప్రయాణం నా తొందరపాటు వల్ల జరిగిందని మా ఆవిడ భారతి అంటుంది. నా తొందరపాటు ఏమీ లేదని, తప్పంతా ఈ అమెరికా ఫుట్‌బాల్ పెద్దలదని నేను అంటాను. ఎవరిది తప్పో చదివినవాళ్ళే చెప్పాలి.

మా అమ్మాయి అపర్ణ కొండల మధ్య ఒక చిన్న యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. అక్కడి మార్చింగ్ బ్యాండ్‌లో ట్రాంబోన్ వాయిస్తుంది. శాంటా క్లారాలో మా స్నేహితుల ఆడపిల్లలందరూ కూచిపూడి నేర్చుకుంటుంటే మా పిల్ల తనంత పొడుగు ఇత్తడి గొట్టం పట్టుకుని తిరిగింది. బ్యాండ్‌లో ఉంటే ఫీజులో తగ్గింపు ఇస్తామన్నారని ఆ చిన్న కాలేజీలో చేరింది. నాలుగేళ్ళు ఎండలో, మంచులో ప్రతి శనివారం ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు వెనకాల వాయించింది. ఆ జట్టు ఈ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు.

దేశంలోని కాలేజీలన్నిటికీ ఫైనల్ న్యూ ఆర్లీన్స్‌లో అని తెలుసు. నవంబరు మధ్యలో, ఇంకా రెండు ఆటలు ఉండగానే, నేను విమానం టికెట్లు కొనేశాను. డబ్బు వెనక్కి రాని రకం. క్రిస్మస్ సెలవుల్లో వెళ్ళి, కొత్త సంవత్సరం అక్కడే చేసుకుని, ఫైనల్ చూసి రావాలని నా లెక్క.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వరస. ఇంకా ఆటలు మిగిలే ఉన్నాయి కదండీ," అంది భారతి.

"అవీ గెలుస్తారు."

"గెలిస్తే మాత్రం ఫైనల్‌కి పిలుస్తారని ఎవరు చెప్పారు?"

"గెలిచినవాళ్ళని పిలవక ఇంకెవర్ని పిలుస్తారు?"

ఎంసెట్ రాసి పైకొచ్చినవాణ్ణి నేను. మార్కులొస్తే ర్యాంకు, ర్యాంకొస్తే సీటు. నాకు అంతకు మించి తోచలేదు. మా జట్టు మిగిలిన ఆ రెండు ఆటలూ గెలిచింది. తర్వాతి ఆదివారం సాయంత్రం టీవీలో సూట్లు వేసుకున్న నలుగురు కూర్చుని ఫైనల్లో ఆడే రెండు జట్ల పేర్లు చదివారు. అందులో మాది లేదు. ఒకసారి ఓడిపోయిన జట్టు ఉంది.

తెలియనివాళ్ళకు చెప్తాను. బంతిని చేత్తో విసిరి ఆడే ఈ కాలేజీ ఫుట్‌బాల్‌లో క్వార్టర్ ఫైనల్ లేదు, సెమీ ఫైనల్ లేదు. కొందరు ఓట్లు వేస్తారు, కొన్ని కంప్యూటర్లు లెక్కలు వేస్తాయి, పైన తేలిన ఇద్దరు ఫైనల్ ఆడతారు. మిగతా జట్లను తలా ఒక ఊరికి పంపి బౌల్ అనే పేరుతో ఒక్కో ఆట ఆడించి ఇంటికి పంపుతారు. మా జట్టుకి హ్యూస్టన్ రాసిపెట్టి ఉంది. పెద్ద జట్లతో ఆడలేదు కనుక మా వాళ్ళు చిన్నవాళ్ళట. చిన్నవాళ్ళు కనుక పెద్ద జట్లు వీళ్ళతో ఆడవట. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు.

టికెట్లు మార్చాలంటే కొత్తవి కొన్నంత అవుతుందన్నారు. అందుకని న్యూ ఆర్లీన్స్ దాకా విమానంలో వెళ్ళి, అక్కణ్ణుంచి హ్యూస్టన్‌కి రైల్లో పోదామని నిశ్చయించుకున్నాం. రైలు రోజూ ఉండదు, వారానికి మూడు రోజులే. మా అదృష్టం, ఆట ముందురోజు ఉంది.

డిసెంబరు చివర్లో శాన్ హోజేలో తెల్లవారుజామున విమానం ఎక్కి, ఫీనిక్స్‌లో మారి, మధ్యాహ్నానికి న్యూ ఆర్లీన్స్‌లో దిగాం. గది ఎయిర్‌పోర్టు దగ్గరే, శుభ్రంగా ఉంది. సాయంత్రం బస్సెక్కి పాత ఊళ్ళోకి వెళ్ళాం. చక్కెర పొడి దట్టంగా చల్లిన బూరెల్లాంటివి కాఫీతో పాటు ఇస్తారు, తప్పకుండా తినండి, నల్ల చొక్కా మాత్రం వేసుకోకండి. నేను ఎంత తిన్నా నోరు చేదుగానే ఉంది. ప్రతి దీపస్తంభానికీ ఫైనల్ జట్లకు స్వాగతం పలికే గుడ్డలు వేలాడుతున్నాయి. వాటి కింద నడుస్తుంటే పిలవని పెళ్ళికి వచ్చినట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే రైలు. బయల్దేరిన కాసేపటికి మిసిసిపీ నది మీద చాలా ఎత్తైన వంతెన ఎక్కుతుంది. కింద ఓడలు బొమ్మల్లా కనిపిస్తాయి. రెండంతస్తుల రైలిది. పెద్ద అద్దాల కిటికీలున్న పెట్టె ఒకటి ఉంటుంది, ముందుగా వెళ్ళి అక్కడ కూర్చోండి. చెరుకు కొట్టేసిన చేలు, నీళ్ళలో నిలబడ్డ చెట్లు, వాటి మధ్య తెల్ల కొంగలు. మధ్య మధ్య బండి ఆగిపోతుంది. ఆ పట్టాలు గూడ్సు కంపెనీలవి కనుక గూడ్సు బండ్లకే ముందు దారి.

లాఫయెట్‌లో టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. పేరు వాల్టర్. హ్యూస్టన్‌లో కూతురింటికి, మనవల దగ్గరికి వెళ్తున్నాడు. ఒంటిగంటయ్యేసరికి భారతి పులిహోర డబ్బా తీసి, మనవాళ్ళ అలవాటు ప్రకారం, ఎదురుగా మనిషి ఉంటే పెట్టకుండా తినకూడదని ఆయనకీ ఒక కాగితం పళ్ళెంలో పెట్టింది. ఆయన రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాడు.

"ఈ పులుపు దేనిది?" అని అడిగాడు.

"చింతపండు," అంది భారతి.

ఎక్కడికి వెళ్తున్నారని అడిగితే చెప్పాను. అమ్మాయి బ్యాండ్ సంగతీ చెప్పాను.

"మంచి జట్టే. నేను మా ఊరి పేపర్లో ఆటల పేజీ రాస్తాను. ఆ ఓట్లు వేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి," అన్నాడు.

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నెలరోజులుగా టీవీని తిడుతున్నాను, కంప్యూటర్లను తిడుతున్నాను. ఇప్పుడు ఆ తిట్లు తినాల్సిన మనిషి మా ఆవిడ పులిహోర తింటూ ఎదురుగా కూర్చున్నాడు.

"మా జట్టుకి మీరు ఎన్నో స్థానం ఇచ్చారు?"

"ఆరు."

"పైన ఉన్న అయిదు జట్లూ ఒక్కసారీ ఓడిపోలేదా?"

"నాలుగు ఓడిపోయాయి. కానీ గట్టి జట్ల చేతిలో ఓడిపోయాయి."

"మా వాళ్ళ ఆట మీరు చూశారా?"

"మీ ఆటలు మొదలయ్యేసరికి మా దగ్గర తొమ్మిది దాటుతుంది. నేను ఆ వేళకి పడుకుంటాను. పొద్దున పేపర్లో స్కోరు చూస్తాను," అన్నాడు. కాఫీలో చక్కెర ఎక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ దేశానికి వచ్చి ఇరవై ఏళ్ళయింది. ఆఫీసుల్లో, ఎయిర్‌పోర్టుల్లో చాలాసార్లు కోపం మింగాను. ఈసారి మింగలేదు.

"పేపర్ దిద్దకుండా మార్కులు వేసే మాస్టార్లు మా ఊళ్ళో కూడా ఉన్నారు. కానీ వాళ్ళు ఆ సంగతి బయటికి చెప్పుకోరు," అన్నాను.

"నెమ్మదిగా మాట్లాడండి. పెద్దాయన," అంది భారతి తెలుగులో.

వాల్టర్ కోపం తెచ్చుకోలేదు. ఆయన వాదన ఆయనకుంది. సెమీ ఫైనల్స్ అవీ పెట్టి ప్లేఆఫ్ ఆడిస్తే ఆట పాడైపోతుందన్నాడు. ఇప్పుడు ప్రతి శనివారమూ ప్లేఆఫ్ లాంటిదే, ఒక్కసారి ఓడితే పని అయిపోతుంది, ఆ భయమే ఈ ఆటకి అందం అన్నాడు. బౌల్స్ వల్ల సగం జట్లు ఏడాది చివర గెలుపుతో ఇంటికి వెళ్తాయి, పిల్లలకు ఒక ఊరు చూసినట్టవుతుంది, పరీక్షలు పాడవవు అన్నాడు. ఇందులో కొంత నిజం ఉందని కోపంలో కూడా నాకు తెలుసు.

"ఒక్కసారి ఓడితే పని అయిపోయేటట్టయితే, ఒక్కసారీ ఓడని మా వాళ్ళ పని ఎందుకయిపోయింది?" అన్నాను.

ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. బోమాంట్ దగ్గర మా బండి ఒక పొడుగాటి గూడ్సు కోసం ఆగి ఉంది.

"బౌల్స్ అయ్యాక మాకు చివరి ఓటు ఒకటి ఉంటుంది. అందులో ఎవర్నయినా మొదటి స్థానంలో పెట్టొచ్చు. రేపు మీ ఆట మధ్యాహ్నమే కదా. కూర్చుని చూస్తాను. నచ్చితే ఒకటో స్థానం ఇస్తాను," అన్నాడు చివరికి.

"మాటేనా?"

"మాటే," అని చెయ్యి చాపాడు. చెయ్యి కలిపాను. ఒక్క ఓటుతో కప్పు రాదని నాకు తెలుసు. అయినా ఒక్క మనిషైనా మా పిల్లల ఆట చూసి రాయాలని ప్రాణం కొట్టుకుంది. ఫైనల్ గురించి రాయడానికి తానూ ఇదే రైల్లో తిరిగి వస్తానని, అప్పుడు కలుద్దామని వాల్టర్ అన్నాడు.

హ్యూస్టన్‌లో చీకటి పడ్డాక దిగాం. నా దగ్గర ఒకప్పుడు పనిచేసిన శ్రీకాంత్ కారుతో స్టేషన్‌కి వచ్చాడు. వరంగల్ కుర్రాడు. వాళ్ళింట్లోనే బస. దారిలో సంగతంతా చెప్పాను.

"గదేం లెక్క అన్నా? మా వాడకట్టుల కబడ్డీ ఆడినా సెమీ ఫైనల్ ఉంటది. ఓట్లేసి గెలిపిచ్చుడేంది?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో వాడి మీద నాకు అభిమానం రెట్టింపైంది.

మర్నాడు ఏడాదికి ఆఖరి రోజు. స్టేడియంలో సగం కుర్చీలు ఖాళీ. మా వాళ్ళు మొదటి అరగంటలోనే ఆట లాగేసుకున్నారు. మా క్వార్టర్‌బ్యాక్ విసిరిన ప్రతి బంతీ చేతులు వెతుక్కుంటూ వెళ్ళింది. ఇది వాల్టర్ చూస్తున్నాడు కదా అని ప్రతిసారీ అనుకున్నాను. విరామంలో టీవీ వాళ్ళ కార్యక్రమం ఏదో పెట్టి, బ్యాండ్‌కి మూడు నాలుగు నిమిషాలు మాత్రం ఇచ్చారు. ఫైనల్ కోసం వేసవి నుంచి సాధన చేసిన పెద్ద ప్రదర్శనలో ఒక ముక్క వాయించి వెళ్ళిపోయారు. ఆ ముక్కలోనే అపర్ణ నాలుగు అడుగులు ముందుకొచ్చి ఒంటరిగా వాయించింది. భారతి కళ్ళు తుడుచుకుంది. నేను టీవీ వాళ్ళను తిట్టుకుంటూ చూశాను.

పెద్ద తేడాతో గెలిచారు. ఆట అయిపోయాక మైదానం అంచున ఉన్న కంచె దగ్గరికి దిగి వెళ్ళాం. అపర్ణ ట్రాంబోన్ పట్టుకుని వచ్చింది. ఏడ్చి మొహం ఎర్రగా ఉంది.

"గెలిచారు కదమ్మా, ఇంకా ఏడుపెందుకు?" అంది భారతి.

"అమ్మా, మేము అందరినీ బీట్ చేశాము. ఇంక గేమ్స్ లేవు. కానీ మేము చాంపియన్స్ కాదు." నా వైపు తిరిగింది. "నాన్నా, మేము ఎవరికి లూజ్ అయ్యాము? ఎవరైనా అడిగితే నేను ఏ పేరు చెప్పాలి?"

చిన్నప్పటి నుంచి దాని లెక్కలన్నీ నేనే చెప్పాను. ఈ లెక్క మాత్రం దాటేసి దాని తల నిమిరాను. ఓడిపోయిన పిల్లలకు కూడా ఒక పేరు ఉంటుంది. ఫలానావాళ్ళు మాకన్నా బాగా ఆడారని చెప్పుకుని, నాలుగు రోజులు ఏడ్చి, మర్చిపోతారు. ప్లేఆఫ్ కావాలని నేను అరిచేది ఇందుకే. గెలిచే వీలు ఇవ్వకపోతే పోనీ, ఓడిపోయే వీలైనా ఇవ్వాలి కదా. బస్సు బయల్దేరుతోందని పిలిస్తే అది పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

కొత్త సంవత్సరం శ్రీకాంత్ ఇంట్లో గడిచింది. ఫైనల్ ముందురోజు మధ్యాహ్నం తిరుగు రైలెక్కాం. పెట్టెల నిండా ఫైనల్ జట్టు అభిమానులు, వాళ్ళ రంగుల చొక్కాలు, వాళ్ళ పాటలు. ఒకసారి ఓడిన జట్టు వాళ్ళది. వాళ్ళ తప్పేం లేదు, అయినా నాకు ఒక్కొక్కరినీ చూస్తే మండింది. అద్దాల పెట్టెలో వాల్టర్ ముందే వచ్చి కూర్చున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు.

"చూశారా?" అన్నాను, ఇంకా కూర్చోకుండానే.

"కొంచెం చూశాను. తర్వాత మనవలు టపాసులు కొనాలని లాక్కుపోయారు. కొత్త సంవత్సరం కదా. పొద్దున పేపర్లో స్కోరు చూశాను. పెద్ద గెలుపే." సంతోషంగా నా భుజం తట్టాడు. "చివరి ఓటుకి రాసుకున్న జాబితాలో ఆరు నుంచి నాలుగుకి ఎక్కించాను మీ వాళ్ళని."

ఉపకారం చేసినవాడిలా చెప్పాడు. భారతి ఒళ్ళోని దద్ధ్యోజనం డబ్బా మూత తియ్యలేదు.

"మా అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది," అన్నాను. "మేం ఎవరి చేతిలో ఓడిపోయాం, ఎవరైనా అడిగితే ఏ పేరు చెప్పాలి అని. నాకు తెలియక ఊరుకున్నాను. మీ పేరు చెప్పమంటారా?"

ఈసారి భారతి నన్ను నెమ్మదిగా మాట్లాడమనలేదు. వాల్టర్ కిటికీ వైపు తిరిగాడు. వెనక పెట్టెలో అభిమానులు పాట ఎత్తుకున్నారు.

"ఆ అమ్మాయి బాగా వాయించిందా?" అని అడిగాడు చివరికి.

"చూసి ఉంటే తెలిసేది," అన్నాను.

న్యూ ఆర్లీన్స్‌లో ఎవరి దారిన వాళ్ళం దిగిపోయాం. ఫైనల్ రోజు గదిలో టీవీ పెట్టకుండా పడుకుని, మర్నాడు విమానమెక్కి ఇంటికొచ్చాం. ఆ రైలు దారి చూడదగ్గదే, వీలైతే వెళ్ళండి, తిండి మాత్రం వెంట తీసుకెళ్ళండి. ఓడిపోయిన జట్ల వెనకాల నేను చాలా ఊళ్ళు తిరిగాను. ఇల్లు చేరేసరికి కోపం పోయేది. ఈసారి మా వాళ్ళు ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు. వచ్చి మూడు వారాలైంది, కోపం ఇంకా పోలేదు.