ఎదుటివాడికి విసిరిన బంతి

ఆ రోజుల్లో నాతో మాట్లాడేవాళ్లు ఇద్దరే: ఆదివారం ఫోన్ చేసే నాన్న, అన్నం వడ్డిస్తూ "సాలా?" అని అడిగే హాస్టల్ వంటాయన. కర్నూలు జిల్లా పడమటి కొస నుంచి కడపకు చదువుకోవడానికి వచ్చిన నేను మొదటి రోజే క్యాంటీన్‌లో "టీకి ఎన్ని దుడ్లప్పా?" అని అడిగాను. డబ్బుల్ని దుడ్లనే, కన్నడం కలిసిన మా ఊరి మాటకు బెంచీలన్నీ నవ్వాయి. సాయంత్రానికి నా పేరు 'దుడ్లు' అయిపోయింది (అసలు పేరు హాజరుపట్టీలో క్షేమంగా ఉండేది). ఆపైన నోరు విప్పడం మానేశాను. అమెరికా ఫుట్‌బాల్ జట్టు పెడుతున్నామని ఆటల సార్ చెప్పినప్పుడు, అంతమందిలో ఒక్కడైనా పలకరిస్తాడని వెళ్లాను.

చేలో చిలకల మీదికి రాళ్లు విసిరిన చెయ్యి కదా, కోడిగుడ్డులాంటి ఆ బంతిని చాలా దూరం విసిరేశాను. సార్ వెంటనే నన్ను క్వార్టర్‌బ్యాక్‌ను చేశాడు. అంటే బంతి ఎవరికి విసరాలో తేల్చేవాడు, జట్టులో అందరికంటే ఎక్కువ అరవాల్సినవాడు! నేను వేళ్లు చూపించి సరిపెట్టేవాణ్ణి. సార్ దాన్ని రహస్య వ్యూహం అనుకున్నాడు. నాన్న మాత్రం "ఫుట్‌బాలంటే కాలితో గదా తన్నేది? నువ్వు సేత్తో ఇసురుతాండావంటే సార్లు ఏమనరా?" అని దిగులుపడ్డాడు.

మొదటి పోటీకి కర్నూలు నుంచి ఒక కాలేజీ జట్టు వచ్చింది. ఆట ముగిసే వేళకు మేమే ముందున్నాం. "మనోళ్లకే ఎయ్యప్పా, అంతే సాలు," అన్నాడు సార్. బంతి చేతికందింది. నలుగురు దున్నపోతుల్లా నా మీదికి వస్తున్నారు. అప్పుడు కుడివైపు నుంచి "ఏయప్పా, ఈడుండా! ఈడికెయ్యి, బిర్న!" అని కేక వినిపించింది. అచ్చం మా వీధి రాగం. మూడు నెలలుగా, ఫోన్‌లో నాన్న తప్ప ఆ రాగంలో నన్నెవరూ పిలవలేదు. తల అటు తిరిగింది, చెయ్యి లేచింది. బంతి చక్కగా వెళ్లి అతని గుండెల మీద వాలింది. అతను అవతలి జట్టువాడు. దాన్ని పట్టుకుని మా వైపు చివరి గీత దాటేదాకా పరిగెత్తి పాయింట్లు కొట్టేశాడు. ఓడిపోయాం.

"వానికెందుకేసినావురా?" అన్నాడు సార్.

"ఎండ కంట్లో పడింది సార్." (సూర్యుడు నా వీపు వెనక ఉన్నాడు.)

మావాళ్లంతా దూరంగా వెళ్లి కూర్చున్నారు. అతనే నా దగ్గరకొచ్చాడు. "ఊరికే అరిసినా, నిజంగా ఏస్తావనుకోలేదప్పా. యా ఊరు మీది?" చెప్పాను. వాళ్ల మేనత్తది మా పక్క ఊరేనట. వాళ్ల బస్సు నీడలో కూర్చుని వానల గురించి, మిరప చేల గురించి ఎడతెగకుండా మాట్లాడాను. "దుడ్లుకు మాటలొస్తాయే!" అని మావాడొకడు నోరు తెరిచాడు. అతని నంబరు అడగాలని బస్సు మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

తర్వాత రెండు ఆటలకు నన్ను బెంచీ మీదే కూర్చోబెట్టారు. మళ్లీ దింపాక బుద్ధిగా మావాళ్లకే విసిరాను, గెలిచాం కూడా. ఆ గెలుపులు ఇప్పుడు సరిగా గుర్తు లేవు. సొంత జట్టును ముంచేసి, ఎదుటివాడి బస్సు నీడలో "మీ పక్క వానలు పడినాయా?" అని మొహమంతా వెలిగించుకుని అడుగుతున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. వాణ్ణి తిట్టబుద్ధి కాదు. పక్కన చేరి, ఇంకాసేపు మాట్లాడించాలనిపిస్తుంది.