నిషిత తీసిన నవ్వుల సినిమా

నిషిత సినిమా తీసేటప్పుడు ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, లెన్సును చున్నీ చెంగుతో తుడిచి, తన ఊపిరి కూడా రికార్డు కాకూడదని బిగబట్టి నిలబడుతుంది. కాలేజీలో చెప్పిన సూత్రాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. నవ్వించే కథకు వెలుతురు ఎక్కువుండాలి. భయపెట్టే కథకైతే మాటల అడుగున సన్నటి మోత ఒకటి ఆగకుండా సాగాలి. లక్డారంలో ఫ్యాక్టరీ గోడను ఆనుకున్న తమ ఇంట్లో, జొన్నరొట్టెలు చేస్తూ కోడితో తగవు పడే తల్లి దేవమ్మ మీద ఆమె నవ్వుల సినిమా తీసింది. సంగీతం పెట్టలేదు, అమ్మ మాటలే చాలనుకుంది.

క్లాసులో చూపిస్తే ఒక్కరూ నవ్వలేదు. "కామెడీకి దయ్యం సినిమా మోత ఎందుకు కలిపినవమ్మా? ఆమెకేదో కీడు జరగబోతున్నట్టే ఉంది," అన్నాడు సారు. "నేనేం కలపలేదు సార్," అంది. ఎవరూ నమ్మలేదు. ఇంటికొచ్చి గడపలో నిలబడ్డాక, పుట్టినప్పటి నుంచీ చెవిలోనే ఉన్న ఫ్యాక్టరీ మోతను నిషిత మొదటిసారి విన్నది.

"అమ్మా, ఆ మోత ఇనొస్తుందా?"

"ఏం మోత బిడ్డా? సప్పుడే లేదు గదా," అంటూ దేవమ్మ రొట్టె తిప్పి, అచ్చం సినిమాలో నవ్వినట్టే నవ్వింది. ఈసారి నిషితకు భయమేసింది.