ఓడ రంగు పూసుకున్న మొహం

తుని స్టేషనుకి ఉదయం ఆరూ ఇరవైకి రావలసిన పాసింజరు ఏడింటికి గాని రాలేదు. ఆ నలభై నిమిషాలూ నేను నా రేకుపెట్టెనే పీటగా చేసుకుని ప్లాట్‌ఫారం మీద కూర్చుని, జేబులోంచి ఒక పేపరు ముక్క తీయడం, చూడడం, తిట్టడం, మళ్ళీ మడిచి పెట్టుకోవడం చేస్తూ గడిపాను. నన్ను బయలుదేరదీసింది ఆ ముక్కే కాబట్టి ముందు దాని సంగతి.

అందులో ఒక ఫోటో. సున్నం కొట్టినట్టు తెల్లటి మొహం, కళ్ళచుట్టూ నల్లటి గుంటలు, భుజాల నుంచి నేలదాకా వేలాడే గుడ్డ, చేతిలో మైకు. కింద, విశాఖపట్నంలో కుర్రకారు పాశ్చాత్య పిచ్చిలో పడి సైతాను వేషాలు కడుతున్నారని నాలుగు వాక్యాలు. ఆ రాసినాయన ఏనాడైనా తెర వెనక్కి వచ్చి చూశాడా? నేను బడికి వెళ్ళినవాణ్ణి కాదు. గోడల మీద నాటకాల కరపత్రాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ళు నాటక సమాజంలో మొహాలకు రంగులు వేశాను. నా చేత్తో కోరలు పెట్టిన హిరణ్యకశిపుడు తెల్లారి నా పక్కనే కూర్చుని, చట్నీ కారమైందని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. వేషం కట్టినవాడల్లా సైతానైతే మన ఊళ్ళలో రాముళ్ళూ కృష్ణుళ్ళూ ఎక్కడినుంచి వచ్చారట?

ఆ కోపం కింద భయం కూడా ఉంది. ఆ మొహం నాకు తెలుసు. మా సమాజం హార్మోనిస్టు ఆనందరావు కొడుకు విక్టర్. తండ్రి పోయి నాలుగేళ్ళు. కుర్రాడు పోర్టులో క్రేన్ల దగ్గర ఎలక్ట్రీషియను. మేం మొహాలకు వాడే తెల్ల సఫేదా వెలుతురుని పీల్చుకుంటుంది, మెరవదు. ఫోటోలో ఉన్న తెలుపు నిగనిగలాడుతోంది. పైగా ఎడమకన్ను రెప్ప వాచి ఉంది. వాడు మొహానికి ఏదో పూయకూడనిది పూస్తున్నాడు. అది చూశాక నాకు అన్నం సయించలేదు. రంగులపెట్టె, ఒక దుప్పటి, రెండు చొక్కాలు. అంతే సామాను.

రైలుపెట్టెలో నాకెదురుగా తమలపాకుల గంపతో ఒకావిడ కూర్చుంది. యలమంచిలి దాకా ఊరుకుని, ఇంక ఉండబట్టలేక అడిగింది.

"ఆ పెట్లో ఏటున్నాది బాబూ? అలాగ వొళ్ళో ఎట్టుకున్నావు?"

"పదిమంది రాజులున్నారమ్మా. ఇద్దరు రాక్షసులు."

"మరి ఆలందరికీ టిక్కెట్టు తీసినావా?"

చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నాకు నాలుగు ఆకులు ఇచ్చింది, వక్క మాత్రం పక్కాయన దగ్గర తీసుకోమంది.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళు కుడివైపు కిటికీ పట్టుకోండి. అవి స్టీలు ప్లాంటు ఇంకా లేస్తున్న రోజులు. దువ్వాడ దగ్గర ఎర్రమట్టి మీద ఇనుప దూలాలు, సగం కట్టిన పొగగొట్టాలు, వాటిమీద చీమల్లా మనుషులు కనిపించేవారు. పదకొండుంబావుకి వాల్తేరులో దిగాను. బోర్డు మీద ఇంకా ఆ పేరే ఉండేది. స్టేషను బయట రెండిడ్లీ, టీ తీసుకుని, పాతపట్నం వెళ్ళే సిటీ బస్సు ఎక్కాను.

విక్టర్ గది రేవుకి దగ్గర్లో ఒక మేడమీద. మెట్లమీద ఇనుపరాతి దుమ్ము ఎర్రగా పేరుకుని ఉంది. తలుపు తీసినవాడు నన్ను చూసి చప్పున మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏటి సిన్నాన్నా, సెప్పకండా వచ్చేసినావు?"

"తువ్వాలు తియ్యరా."

"జొరం వొచ్చినాది..."

"తియ్యమన్నాను."

తీశాడు. నుదురూ బుగ్గలూ చెక్కుకుపోయి ఎర్రగా ఉన్నాయి. ఎడమకన్ను సగమే తెరుచుకుంటోంది. ఇరవై నాలుగేళ్ళ మొహం. తండ్రి ముక్కే, తండ్రి గడ్డమే. కూర్చోబెట్టి, ఏం పూశావురా అని అడిగాను.

జవాబు మూలనుంచి వచ్చింది. అక్కడ బల్లమీద అప్పన్న అని వాడి స్నేహితుడు కూర్చున్నాడు. ఓడలకు రంగులు వేసే పనివాడు.

"నానే తెచ్చినాను పెద్దాయినా. మామూలు రంగు కాదు. ఓడకి పూస్తే ఉప్పునీట్లో పదేళ్ళు ఊడదు," అన్నాడు, గర్వంగానే.

"మరి వీడి మొహం మీంచి ఎలా ఊడింది?"

"కిరసనాయిలెట్టి తోమినాం."

అప్పన్నని నేనేమన్నానో ఇక్కడ రాయను. మొత్తం విన్నాక వాడు తల దించుకుని, "మరి సెమటకి కారిపోకూడదు కదేటి," అని మాత్రం అన్నాడు. రేవులో పనిచేసేవాడికి రంగంటే అదే. నీళ్ళకు కారనిది మంచిరంగు. ఆ తప్పు చేయడానికి ఆ రేవులోనే పుట్టాలి.

విక్టర్ నేలమీద గ్రామఫోను రికార్డుల అట్టలు పరిచి చూపించాడు. ఓడల్లో వచ్చిన నావికుల దగ్గర కొన్నవి. ప్రోగ్రెసివ్ రాక్ అంటారట. ఒక్కో పాట ఇరవై నిమిషాలు, మా నాటకంలో ఒక అంకమంత. అట్టల మీది మనుషుల్ని నా వృత్తి కళ్ళతో చూశాను. ఒకడు గాలికి ఎగిరే వెండి అంగీలో, చుట్టూ హార్మోనియాల గోడ కట్టుకుని మాంత్రికుడిలా నిలబడ్డాడు. ఒకడి తలకు పక్షిముక్కు. ఒక జట్టు అసలు తమ మొహాలే వేయించుకోలేదు. ఎండిన ఏట్లో ఒక కుర్చీ, అంతే.

"పాటలో ఓ కతుంటాది సిన్నాన్నా. మడిసి కనపడకూడదు, కత కనపడాల. అందుకే ఏసాలు," అన్నాడు విక్టర్.

"ఇదేం కొత్తరా? మీ నాన్న నలభై ఏళ్ళు జనానికి పక్కమొహం పెట్టి వాయించాడు, కథ కనపడాలనే. నీ కథలో ఆ తెల్లమొహం వాడెవడు?"

"దెయ్యం కాదు. ఓడ మునిగి సచ్చిపోయినోడు. ఇంటికొత్తాడు. తలుపు కొడతాడు. తల్లి గుర్తుపట్టదు."

పాట వాడే కట్టాడు, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. మర్నాడు ఆదివారం సాయంత్రం ఐదున్నరకి మద్దిలపాలెం బస్సు డిపో వెనక రేకుల హాల్లో ప్రదర్శన. కలకత్తా హోటళ్ళకు బ్యాండ్లు కుదిర్చే ఏజెంటు ఒకాయన పేపర్లో ఆ ఫోటో చూసి వస్తున్నాడు. డాక్టరు మాత్రం, ఇంకొకసారి ఆ రంగు పడితే కన్ను తన పూచీ కాదన్నాడట.

"పూయకు," అన్నాను.

"నాను ఆ మొకం లేకండా పాడలేను సిన్నాన్నా. గొంతు రాదు. చర్చిలో ఓసారి లెగిసినాను. నోరిప్పితే గాలే వొచ్చినాది. నానంటే ఎవుడు వింటాడు? ఆడినైతే వింటారు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మొహాల మీద బతికినవాణ్ణి కదా. వేషం మనిషికి ధైర్యమిస్తుంది, నిజమే. నా చేతిమీదే ఎందరికో ఇచ్చింది. కానీ ఆట అయ్యాక కొబ్బరినూనె రాసి ఆ మొహాన్ని తుడిచేదీ నేనే. తుడిచాక అద్దం చూపించి, ఇంటిపేరుతో పిలిచేవాణ్ణి. ఈ అట్టల మీది దొరలకు ఎవరైనా అలా తుడిచి పిలుస్తారో లేదో. పేపర్లవాళ్ళు మాత్రం ఆ వేషాన్నే అడుగుతారు, ఆ వేషాన్నే అచ్చువేస్తారు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదికి పూర్ణా మార్కెట్టుకి వెళ్ళాను. అక్కడ గానుగ కొబ్బరినూనె, పసుపు రంగు కోసం అర్దళం దొరికాయి. పాతపట్నం రావాల్సి వచ్చినవాళ్ళు ఎండ ఎక్కకముందే ఆ బజారు పని చూసుకోవడం మంచిది. విక్టర్ మొహానికి మూడుసార్లు నూనె రాశాను. పసివాడిలా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం చేపలపులుసు భోజనం అయ్యాక, ఏం చేద్దామనుకుంటున్నానో చెప్పాను.

మా సమాజంలో పాత్ర మొదటిసారి వచ్చేటప్పుడు ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. దాని వెనక పాత్ర పాడుతుంది. జనానికి కనబడేవి పాదాలూ, తెర పైఅంచు మీద చేతులూ. తెర పట్టినవాళ్ళు తమంతట తాము దించకూడదు. పాత్ర లోపల్నుంచి అరచేత్తో తెరను నొక్కితేనే దించాలి. ఎంతసేపైనా సరే. ఒక సత్యభామ ముప్పావుగంట నొక్కలేదు. మీసం గీసుకోవడం మరిచిపోయాట్ట.

విక్టర్ నవ్వాడు. నేను వచ్చాక అదే మొదటి నవ్వు.

"మరి నాను అసలు నొక్కకపోతే?"

"పాట అయ్యేదాకా పట్టుకునే ఉంటాం. నీ ఇష్టం."

"నానూ పడతాను రెండో కొస," అన్నాడు అప్పన్న విక్టర్‌తో, ఎవరూ అడక్కుండానే. "నా వల్లే కదా బావా."

నా దుప్పటే తెర. విక్టర్ రెండు చేతులకూ మణికట్టు దాకా అర్దళం పూశాను. బస్సులో అందరూ ఆ పసుపు చేతుల్నే చూశారు. ఐదింటికి మద్దిలపాలెంలో దిగాం.

ఏజెంటుగారు ముందే వచ్చి ఉన్నాడు, తెలుగాయనే. విక్టర్ మొహం చూసి నీరుగారిపోయాడు.

"ఫోటోలో మొహం చూసి వచ్చానయ్యా. అది లేకపోతే ఇలాంటి గొంతులు కలకత్తాలో వీధికి పది."

"గొంతు ఇంకా వినలేదు కదా తమరు," అన్నాను. "వినకుండానే లెక్కెలా తేలింది?" ఇంకా నాలుగు అనేవాణ్ణే. అప్పన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు.

హాల్లో రెండొందల మంది దాకా ఉంటారు. కాలేజీ కుర్రాళ్ళు, పోర్టువాళ్ళు, సైతాన్ని చూద్దామని పిల్లల్ని వెంటేసుకుని వచ్చిన చుట్టుపక్కల ఆడవాళ్ళు. డ్రమ్ములు మొదలయ్యాయి. అప్పన్నా నేనూ దుప్పటి పట్టుకుని నిలబడ్డాం. వెనక విక్టర్ మొదలుపెట్టాడు. మొదట గాలే వచ్చింది. తర్వాత దుప్పటి పైఅంచు మీదికి రెండు పసుపు చేతులు వచ్చి గట్టిగా పట్టుకున్నాయి, మునిగినవాడు దుంగని పట్టుకున్నట్టు. వాటి వెనకే గొంతు వచ్చింది.

ఇంగ్లీషు మాటలు నాకు తెలియలేదు. తెలుగువి తెలిశాయి. అలలూ చీకటీ దాటి, ఉప్పు తినేసిన మొహంతో ఇంటిదారి పట్టినవాడు. పది నిమిషాలకి నా భుజాలు లాగడం మొదలైంది. పావుగంటకి దుప్పటి కొసని పిడికిలికి చుట్టుకున్నాను. అటువైపు అప్పన్న చెంపలమీద చెమటో కన్నీళ్ళో కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పాటలో తలుపు కొట్టే చోటు వచ్చింది. "ఎవురది" అని తల్లి గొంతు కూడా వాడే పాడాడు. వాయిద్యాలన్నీ ఆగిపోయాయి.

అప్పుడు దుప్పటి మధ్యలో, గుండె ఎత్తున కదిలింది. అయిదు వేళ్ళు, అరచెయ్యి. ఒత్తి, అలాగే ఉంచాడు.

దించాం.

రంగు లేని మొహం, చెక్కుకుపోయిన బుగ్గలు, సగం మూసిన కన్ను. ముందువరసలోంచి ఒకావిడ గొంతు పైకే వినిపించింది: "ఓలమ్మా, కుర్రోడేనే!"

వాడు ఆవిడ వైపే చూస్తూ మిగిలిన పాట పాడాడు. గొంతు ఎక్కడా ఆగలేదు.

పాట అయ్యేసరికి ఏజెంటుగారి కుర్చీ ఖాళీ. చప్పట్ల మధ్య విక్టర్ ఆ కుర్చీ వైపు ఒకసారి చూశాడు.

"ఎప్పుడెల్లిపోనాడు?"

"దుప్పటి దించగానే."

కలకత్తా పోయింది, అది చిన్న సంగతేం కాదు. తర్వాత పసుపు చేతులు నా ముందు చాపి, "తుడువు సిన్నాన్నా," అన్నాడు. నూనె రాసి వేలువేలూ తుడిచాను. అద్దం చూపించి ఇంటిపేరుతో పిలిచాను. "ఆఁ" అన్నాడు.

సోమవారం ఉదయం ఏడూ నలభై పాసింజరుకి ఇద్దరూ వచ్చి ఎక్కించారు. అప్పన్న కిటికీలోంచి అరటిపళ్ళు అందిస్తూ, మొహానికి పూసే రంగు ఏ కొట్లో దొరుకుతుందో కాగితం మీద రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. కింద "కిరసనాయిలు వద్దు" అని రెండు గీతలు గీశాను.

విశాఖపట్నం వెళ్ళినవాళ్ళు ఓడలు చూస్తారు, కొండలు చూస్తారు, భీమిలి దాకా సముద్రపొడ్డున బస్సులో తిరుగుతారు. మీరూ చూడండి, చూడదగినవే. మూడు రోజులున్నా నేనవేవీ చూడలేదు. అనకాపల్లి దాటాక చలిగాలికి దుప్పటి విప్పాను. మధ్యలో, సరిగ్గా గుండె ఎత్తున, పసుపు అరచెయ్యి, అయిదు వేళ్ళూ స్పష్టంగా ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నాయన, మరకైందండీ, ఉతికితే పోతుందా అని అడిగాడు.

పోతుందండీ, అర్దళం చాకిరేవుకి నిలవదు అన్నాను. ఆ వైపు లోపలికి వచ్చేలా మడిచి కప్పుకున్నాను.