బుల్లెట్‌కి వేసిన సూదులు

మధులత చేతిలో టేపు పదిహేను సెంటీమీటర్ల దగ్గర ఆగింది. ఏడు వారాల కిందట ఇదే పొట్టేలుకి ఇదే టేపుతో బీజాల చుట్టుకొలత చూస్తే పద్నాలుగున్నర వచ్చింది. తొమ్మిది నెలల పొట్టేలుకి ఇరవై రెండుకి తగ్గకూడదు. మళ్లీ కొలిచింది. పదిహేనే.

తగరపువలస దాటాక పదకొండు ఊళ్ల పశువులు ఆమె బాధ్యత. పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా పద్దెనిమిదేళ్ల సర్వీసు. డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా అందరూ డాక్టరమ్మా అనే పిలుస్తారు. పిలుస్తారు గానీ చెప్పింది వినరు.

ఈ పొట్టేలున్న ఊళ్లో తొలకరికి మందలన్నిటికీ కలిపి ఒకటే విత్తన పొట్టేలు. దాన్ని పెంచే వంతు ఈసారి జగ్గారావుది. పిల్లకి బుల్లెట్ అని పేరు పెట్టి, శనగలు మేపాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. గాజువాకలో జిమ్ముకి వెళ్లే బావమరిది మగ హార్మోను సూదులు తెచ్చిస్తే, నాలుగో నెల నుంచే పొడవడం మొదలుపెట్టాడు. మెడ దున్నపోతు మెడలా తయారైంది. చెట్టుకి కట్టిన లారీ టైరుని పొద్దస్తమానం గుద్దేది. ఊరంతా మురిసిపోయింది. వెనకనుంచి చూసినవాళ్లు లేరు.

కిందటిసారి మధులత అరుగు మీద కూర్చుని అరగంట చెప్పింది. మెదడు కింద ఉండే చిన్న గ్రంథి కబురు పంపితేనే బీజాలు పెరుగుతాయని, సరుకు బయటనుంచి వచ్చిపడుతుంటే ఆ గ్రంథి ఇక చాలనుకుని కబురు ఆపేస్తుందని. సూది మానేస్తే మెల్లగా మళ్లీ మొదలవుతుందని కూడా చెప్పింది. జగ్గారావు బుద్ధిగా తలూపాడు.

"మందు ఆపావా?" అని అడిగింది ఇప్పుడు.

జగ్గారావు టైరు వైపు చూశాడు. "ఆపీసినాను డాక్టరమ్మా. ఆపీసినాక ఆడు దిగాలు పడిపోనాడు. టైరు దగ్గరికే ఎల్డం మానీసినాడు. సూడలేక రెండంటే రెండే ఏసినాను."

"ఎప్పుడు?"

"మొన్న అమాస ముందొకటి. ఎనకొకటి."

మధులత టేపు చుట్టేసింది. అరవాలనిపించింది, కానీ ఆ రోజు అరవాల్సిన ఊళ్లు ఇంకా నాలుగున్నాయి. ముప్ఫై రెండు గొర్రెలున్న నారాయణమ్మ గుమ్మం పక్కనే నిలబడి అంతా వింటోంది. తొలకరికి నెల కూడా లేదు. ఇప్పుడు గొర్రెలు చూలు కట్టకపోతే ఆమె మందలో ఈ ఏడు పిల్లలే ఉండవు.

"ఆ సూదులేవో నువ్వే పొడిపించుకోవాల్సింది రా జగ్గా," అంది నారాయణమ్మ. "నా గొర్రెలు బతికిపోయీవి."

జగ్గారావు భార్యని అడిగి మధులత మిగిలిన సీసా తెప్పించుకుంది. ఇంకా మూడు సూదుల మందుంది. దాన్ని తన సంచిలో వేసుకుంది. పక్క ఊరి పొట్టేలుని పది రోజులు ఇమ్మని అక్కడి పెద్దకి అక్కణ్ణించే ఫోన్ చేసింది. వాళ్లు ఒప్పుకున్నారు, తమ మందల పని అయ్యాక.

ఆ పొట్టేలు మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. నారాయణమ్మ గొర్రెల్లో పంతొమ్మిదే కట్టాయి. బుల్లెట్‌కి ఆ నెలాఖరున మధులత మళ్లీ టేపు పెట్టింది. పద్దెనిమిదిన్నర.