మ్యాపులో చిక్కుపడ్డ గీత

రోజూ మీ పోస్టులు చదవడమే తప్ప నేనెప్పుడూ రాయలేదు. ఈ రోజు ఇంట్లో చెప్పలేని మాట ఒకటి మిగిలిపోయింది, అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి శ్రావణి, నగరంలో జనం ఏ దారిన, ఏ పనికి తిరుగుతారో కంప్యూటర్ మ్యాపుల మీద చదువుతోంది. ప్రాజెక్టు కోసం నా ఫోన్‌లోనూ ఒక యాప్ పెట్టింది. సాయంత్రం చూపించింది. నాంపల్లిలో మా ఇంటి నుంచి ఆబిడ్స్ దాకా నా నడక నీలం గీతలా ఉంది. ఒక్కచోట మాత్రం దారపు ఉండలా చిక్కుపడింది.

"నీ ఫోన్ ఆగమైందమ్మా. గిట్లాంటివి తప్పు కింద తీసేస్తం," అంది.

"తీయకు బిడ్డా. గాడ హనుమాన్ గుడి ఉంది. ప్రదక్షిణలు చేసిన."

"రోజూ గిన్నా? ఏం మొక్కుకున్నవ్?"

"చెప్తే మొక్కు ఫలియ్యదు."

నవ్వి, ఆ చిక్కును అలాగే ఉంచింది. ప్రయాణం దేనికి అన్నచోట పని, చదువు, బజారు, గుడి అని ఉన్నాయి. 'గుడి' నొక్కింది. నేనైతే 'చదువు' నొక్కేదాన్ని. పోయినసారి తప్పిన తన ప్రాజెక్టు ఈసారైనా గట్టెక్కాలనే ఆ ప్రదక్షిణలన్నీ.

మీరైతే ఏది నొక్కేవారు? మొక్కు మీకు చెప్పకూడదని ఎవరూ అనలేదు కాబట్టి చెప్పాను. మీ దగ్గరే ఉంచుకోండి, మా అమ్మాయికి చూపించకండి.