కొత్త డబ్బాకు పాత తుప్పు

పొద్దున్నే కార్వాన్ గల్లీల్లో ఇంటింటికీ పాలు పోసి వచ్చాక, బాలనర్సింహ చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని కుట్టుమిషన్ బల్ల ముందు కూర్చుంటాడు. బల్ల మీద జానెడు పొడవున్న రేకు బొమ్మ, గూడ్సు రైలు డబ్బా. కొన్నప్పుడు కొత్త పాలక్యానులా మెరిసింది. ఆయనకు మెరిసేది అక్కర్లేదు. వాళ్ల బాపు హమాలీగా ముప్పై ఏళ్లు మూటలెక్కించిన డబ్బాల్లాంటిది కావాలి, ఎండకు వెలిసి, వానకు తుప్పు పట్టినది. అందుకే బర్రె తోకవెంట్రుకలతో కట్టిన కుంచెతో, జిగురులో కలిపిన ఇటుకపొడిని చుక్కచుక్కగా అద్దుతాడు. పాలు పితికి మొద్దుబారిన వేళ్లు అప్పుడు మాత్రం ఒక్క చుక్కనూ పక్కకు పోనివ్వవు.

నెలరోజుల పని పూర్తయిన మర్నాడే, దసరా దులుపుళ్లలో భార్య రుక్మాబాయి ఆ డబ్బాను గిన్నెలతో పాటు చింతపండు వేసి తళతళా తోమేసింది. బాలనర్సింహ ఇంటికొచ్చి, మెరుస్తున్న డబ్బాను తిప్పి తిప్పి చూశాడు.

"రంగులేస్తున్నవనుకున్న గని, గీ తుప్పు, గీ జంగు నువ్వే పెడుతున్నవని నాకేమెరుక?" అంది ఆమె.

"ఫికర్ చెయ్యకు. మల్ల పెడత," అని వాకిట్లోంచి ఇటుకముక్క తెచ్చుకుని నూరడం మొదలుపెట్టాడు.

మళ్లీ నెల పట్టింది. ఈసారి రుక్మాబాయి పక్కనే నిలబడి చూసింది.

"తలుపు గొళ్లెం మీద గూడ పెట్టినవేంది? రోజూ చెయ్యి పడే కాడ జంగు నిలుస్తదా? మన బర్ల కొట్టం గొళ్లెం చూడరాదా!"

బాలనర్సింహ తడిగుడ్డ కొస వేలికి చుట్టుకుని, గొళ్లెం మీది తుప్పు మెల్లగా తుడిచాడు. బాపు చెయ్యి పడ్డ చోటు మెరిసింది.